కాలువకు నీళ్లు వదిలే లోపు

గోదావరి డెల్టా కాలువల వెంబడి ఉన్న పురపాలక సంఘాల, గ్రామ పంచాయతీల, నీటి సంఘాల పెద్దలకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

పశ్చిమ డెల్టాలో ఒక పిల్లకాలువ చివర మూడెకరాలు చేసుకుంటున్న రైతుని నేను. శివారు భూమి అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. పైవాళ్ల చేలన్నీ తడిశాక మిగిలిన నీళ్లు మావి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులు పెట్టినప్పుడు అర్ధరాత్రి లాంతరు పట్టుకుని గట్టున కూర్చున్న నాన్నల పిల్లలం మేము. నీళ్లు ఆలస్యంగా రావడం మాకు అలవాటే. కొన్నేళ్లుగా ఆ నీళ్లతోపాటు పై ఊళ్ల చెత్తంతా మా దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఈ ఉత్తరం దాని గురించే.

కిందటేడు జూన్‌లో కాలువకు నీళ్లు వదిలారు. పెద్దకాలువ నిండుగా పారుతోంది గానీ మా బోదెలోకి చుక్క దిగడం లేదు. నారుమడికి వేళ మించిపోతోందని తూములో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా వెళ్లింది. ముందు చీర ముక్కొకటి వచ్చింది. దాని వెనక నీళ్లు తాగి ఉబ్బిపోయిన డైపరు. ఆ తర్వాత వెండి రంగు పేపరు ప్లేట్లు, ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టకట్టినవి. పెళ్లి మండపం మీద పేర్లు రాయడానికి పెడతారే, ఆ థర్మాకోల్ అక్షరాల్లో ఒకటి, ఇంకా దాని మీద తళుకులు పోలేదు. అన్నిటికంటే లోపల చిన్న నీళ్ల సీసా. సగం తాగి వదిలేశారు, మూత బిగించే ఉంది. అంతా లాగేశాక తూము బుడబుడమంది. నల్లటి నీళ్లు కాసేపు పారి, ఆ తర్వాత మామూలు నీళ్లు వచ్చాయి. గట్టు మీద పోగేస్తే యూరియా బస్తా నిండింది.

ఆ నెల తర్వాత నాట్లప్పుడు, మా చేలోకి వచ్చిన ఒక ఆడకూతురి పాదంలో గాజుపెంకు దిగింది. బీరు సీసాది. బురదలో ఉన్న కాలు కాబట్టి ఎంత లోతుగా తెగిందో మొదట ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లి కుట్లు వేయించి తీసుకొచ్చాను. నాట్లు పడే రోజులే ఆమెకి ఏడాదికంతటికీ నాలుగు డబ్బులు కనిపించే రోజులు. ఆ రోజులన్నీ మంచం మీదే గడిచిపోయాయి. సీసా విసిరినవాడు ఏ ఊరి వంతెన మీద నిలబడ్డాడో, ఎంత పైనున్నాడో, ఆమెని వాడు ఎప్పటికీ చూడడు. వాడిని ఆమె కూడా చూడదు.

మీలో చాలామంది కాలువని నిండుగా పారుతున్నప్పుడే చూసి ఉంటారు. ఒక్కసారి మే నెలలో చూడండి. ఏప్రిల్ చివర్లో కాలువలు కట్టేశాక, జూన్ మొదట్లో మళ్లీ వదిలే దాకా, కాలువ అడుగు బయటపడి ఉంటుంది. ఏ ఊరు ఏం పారేసిందో ఆ నెలరోజుల్లో ఎవరైనా చదువుకోవచ్చు. మాంసం కొట్లున్న చోట ఈకలూ పేగులూ. ఫంక్షన్ హాలు వెనక గ్లాసులు, సీసాలు. మందు షాపు దాటగానే సీసాలు, నీళ్ల ప్యాకెట్లు. వంతెనల కింద మాత్రం అన్నీ ఉంటాయి: పాత పరుపులు, చిరిగిన దిండ్లు, పోయినవాళ్ల బట్టలు, అద్దం పగిలిన దేవుడి పటాలు. లాకుల దగ్గర గుర్రపుడెక్క ఎండి చాపలా పరుచుకుని ఉంటుంది. దాన్ని కర్రతో ఎత్తి చూస్తే కింద ఉన్నదంతా ప్లాస్టిక్కే. గుర్రపుడెక్క చెత్తని పట్టి ఉంచుతుంది, చెత్త గుర్రపుడెక్కని కదలనివ్వదు. రెండూ కలిసి నీటిని ఆపేస్తాయి. ఏటా తూడు, అంటే ఈ నీటి కలుపు, తీయించడానికి అయ్యే ఖర్చులో ఎంత భాగం నిజంగా తూడుది, ఎంత భాగం మన ఇళ్లలోంచి వచ్చినదానిది అని నీటి సంఘాల పెద్దలు ఎప్పుడైనా విడదీసి చూశారా?

ఇంకొకటి. ఎండిన కాలువలోని ఆ చెత్తకి ఎవరో ఒకరు నిప్పు పెడతారు. శుభ్రమైపోయిందనుకుంటాం. డైపరు కాలిన పొగ పక్క వీధి పిల్లల గొంతులోకి వెళ్తుంది, మిగిలిన నల్లటి ముద్ద కాలువ అడుగునే ఉంటుంది. జూన్‌లో వదిలిన మొదటి నీళ్లు ఆ ముద్ద మీద నుంచే వస్తాయి. అప్పటికి మన మంచినీళ్ల చెరువులు అడుగంటి ఉంటాయి కాబట్టి ఆ నీళ్ల కోసమే ఎదురుచూస్తుంటాం. డెల్టాలో ఎన్నో పట్టణాలకీ పల్లెలకీ కాలువే తాగునీరు. కాలువలోంచి చెరువు, చెరువులోంచి ఫిల్టరు, ఫిల్టరులోంచి కుళాయి. ఫిల్టరు ఇసుకనీ బురదనీ ఆపుతుంది. కాలువలో నానినవాటి రసమంతా అదే ఆపేస్తుందని నమ్మి కూర్చోలేం.

ఈ కాలువ ఎవరిది? ఈ మాట అడుగుతూ నేను చాలా గుమ్మాలు ఎక్కాను. కాలువ జలవనరుల శాఖది. గట్టు మీద ఇళ్లున్న చోట చెత్త పంచాయతీది. పట్టణంలోకి వచ్చేసరికి పురపాలక సంఘానిది. పిల్లకాలువల మరమ్మతు నీటి సంఘానిది. 1997లో చట్టం చేసి రైతుల చేతికి నీటి సంఘాలు ఇచ్చినప్పుడు మా ఊళ్లో ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. ఇప్పుడు ఒక చెత్తకుప్ప గురించి అడిగితే ఒక్కొక్కరు పక్కవారి గుమ్మం చూపిస్తున్నారు. అందుకే మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నీళ్లకి మీ సరిహద్దులు తెలియవు.

జనానికి బుద్ధి లేదు, అందుకే పారేస్తున్నారు అని మీరు అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం ఒక రాత్రి మారింది.

పని మీద పక్కనున్న పట్టణానికి వెళ్లి తిరిగొస్తున్నాను. వంతెన మీద ఒక అమ్మాయి స్కూటీ ఆపి, హ్యాండిల్‌కి తగిలించిన సంచి తీసి కాలువలోకి విసిరింది. నా బండి ఆపి గట్టిగానే అడిగాను. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాబాయిగారూ, మా వీధిలోకి బండి పది దాటాక వస్తుందండీ. మేమిద్దరం ఎనిమిదింటికే డ్యూటీకి వెళ్లిపోతాం. గుమ్మం ముందు పెడితే కుక్కలు లాగేస్తాయి, పక్కింటివాళ్లు తగాదా పడతారు. డైపర్లు మూడ్రోజులు ఇంట్లో ఉంచుకోలేం. ఎక్కడ వెయ్యాలో మీరే చెప్పండి" అంది.

నేను చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి చేసింది తప్పే, కాదనను. కానీ ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. అది మీ దగ్గర ఉండాలి. ఇంటికొచ్చి ఆలోచిస్తే మా ఊరి సంగతి ఇంకా అన్యాయంగా కనిపించింది. చెత్త నుంచి సంపద కేంద్రం అని షెడ్డు కట్టారు. దానికి తాళం, ముందు పిచ్చిమొక్కలు. పారిశుద్ధ్య పనివాళ్లకి గ్రీన్ అంబాసిడర్లు అని పేరు పెట్టారు గానీ చేతులకి తొడుగులు లేవు. చెత్త పన్ను మీద జరిగిన రాజకీయం జోలికి నేను వెళ్లను. జనానికి కావలసింది ఇంట్లో మనిషి ఉన్న వేళకి వచ్చే బండి. ఉదయం ఏడు లోపు ఒకసారి, అది కుదరని వీధులకి సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి. డైపర్లు, ప్యాడ్లు వేరే కాగితంలో చుట్టి ఇమ్మని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. ఆ పొట్లం తీసుకోవడానికి బండి మీద వేరే డబ్బా ఉండాలి, తీసుకునేవాళ్లు మొహం చిట్లించకుండా తీసుకోవాలి, వాళ్ల చేతికి మంచి తొడుగు ఉండాలి. ఇంతే. ఈ ఒక్కటి జరిగితే వంతెన మీద ఆగే స్కూటీలు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం. ఆ తర్వాత కూడా వంతెన మీద ఆగి విసిరేవాళ్లకి జరిమానా వెయ్యండి, నేను మీ పక్కనే నిలబడతాను. చోటు చూపించకుండా జరిమానా వేస్తే జనం వంతెన మారుస్తారు, అంతే. వంతెనకి రెండువైపులా నిలువెత్తు వల కంచె కట్టించడం కూడా మంచిదే, ఖర్చు తక్కువ. కానీ అది బండి వచ్చాక చేయాల్సిన పని.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టేది విందుల చెత్త. మన జిల్లాలు పెట్టుపోతలకి పెట్టింది పేరు. అందులో నాకు గర్వమే. నా చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లంటే రామాలయంలో ఉన్న ఊరుమ్మడి గుండిగలు, గంగాళాలు, ఇత్తడి గ్లాసులు ఆ ఇంటికి వెళ్లేవి. అరటాకుల్లో వడ్డన. తిన్నాక ఆకులు పశువుల ముందో, పెంటపోగు మీదో పడేవి. వారం తిరిగేసరికి ఆనవాలు ఉండేది కాదు. ఇప్పుడు వెయ్యిమంది భోజనం చేస్తే ఒక్కొక్కరి చేతిలో కనీసం ఒక నీళ్ల సీసా. రెండు గుక్కలు తాగి కుర్చీ కింద పెట్టేస్తారు. ఐస్‌క్రీం కప్పు, ప్లాస్టిక్ చెంచా, పాయసం గ్లాసు, కిళ్లీకి చుట్టిన కవరు. రాత్రి పన్నెండుకి క్యాటరింగ్ కుర్రాళ్లు అలిసిపోయి ఉంటారు. ఆ వేళకి ఏ బండీ రాదు. హాలు వెనక కాలువ ఉంటుంది.

ఇక్కడ కొత్త చట్టం అక్కర్లేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్ నిషేధంలో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకంటే పల్చటి క్యారీ బ్యాగులు అమ్మకూడదు. మా తూములో దొరికిన ఆ తళుకుల అక్షరం అసలు తయారే కాకూడని వస్తువు. పేపరు గ్లాసు కదా పరవాలేదు అనుకుంటాం గానీ దాని లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే అది నీళ్లలో విడిపోదు. ఇంకో నియమం చాలామందికి తెలియదు. అనుమతి ఉన్న హాళ్లలో కాకుండా వీధిలోనో ఖాళీ స్థలంలోనో వందమందికి మించి జనాన్ని పిలిచి వేడుక చేస్తే, మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి చెప్పాలి, చెత్తని అక్కడే విడదీసి అప్పగించాలి అని 2016 నియమాల్లోనే రాశారు. మన ఊళ్లలో పందిరి వేసి చేసే విందులన్నీ దీని కిందికే వస్తాయి. ముందుగా చెప్పే ఇంటివాళ్లకి "రాత్రి పన్నెండున్నరకి మా బండి వస్తుంది, ఆకులు ఒక డ్రమ్ములో, సీసాలు ఒక సంచిలో పెట్టండి" అని మీరు మాట ఇస్తే, ఆ బండికి డబ్బు కట్టడానికి పెళ్లివాళ్లెవరూ వెనకాడరు. లక్షలు ఖర్చు పెట్టే చోట బండి కిరాయి ఒక లెక్కా? హాళ్లవాళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. బండి రసీదు చూపించని హాలుకి మర్నాటి బుకింగు ఉండకూడదు.

సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టారు. ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు ఒక చోట ఉంచి విందులకి అద్దెకిస్తారు. మన రామాలయం గుండిగలు ఇలాంటివే కదా, మనం మర్చిపోయాం, వాళ్లు గుర్తు చేశారు. డ్వాక్రా సంఘానికి ఇలాంటి సామాను కొనిచ్చి, కడిగే పనికి కూలి కట్టిస్తే ఊళ్లో నలుగురు ఆడవాళ్లకి పని దొరుకుతుంది. ఆకులకి కొరత ఏముంది? రావులపాలెం అరటి మార్కెట్ మన పక్కనే ఉంది. మన్యంలో అడ్డాకు విస్తళ్లు కుట్టేవాళ్లు కొనేవాళ్ల కోసం చూస్తున్నారు. నీళ్లకి మాత్రం పెద్ద డ్రమ్ము, స్టీలు గ్లాసులు పెట్టి, పోయడానికి ఇద్దరు మనుషులు. చిన్న సీసాలు ఆపగలిగితే విందు చెత్త భారం కొంత దిగిపోతుంది.

పూజ సామగ్రి సంగతి సున్నితమైంది, అయినా చెప్పాలి. కార్తీకమాసం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున మా అమ్మ అరటిదొప్పలో దీపం పెట్టి కాలువలో వదిలేది. దొప్ప ఎక్కడో గట్టుకి తగిలి కుళ్లి మట్టయ్యేది. ఇప్పుడు రేవు దగ్గర థర్మాకోల్ ప్లేట్లలో దీపాలు అమ్ముతున్నారు. ఆ దీపం ఆరాక ఆ ప్లేటు మా చేలోకి వస్తోంది. పూజారి గార్లు రేవులో ఒక మాట చెబితే, పంచాయతీ ఆ రోజు నాలుగు అరటిబోదెలు కొట్టించి రేవు దగ్గర ఉంచితే ఆచారం పూర్వంలా నిలబడుతుంది. పాత పటాలు, ఎండిన దండలు వేసుకోవడానికి ప్రతి గుడి దగ్గరా ఒక తొట్టె పెట్టించండి. గంగలో కలపాలన్న నమ్మకం ఉన్నవాళ్లని మనం నొప్పించకూడదు గానీ, నిర్మాల్యాన్ని కంపోస్టు చేసి గుడి తోటలోనే వేస్తే అది కూడా దేవుడికే చేరినట్టు.

మా రైతుల తప్పు దాచి మీ తప్పులు చెప్పడం న్యాయం కాదు. పురుగుమందు కొట్టాక ఖాళీ డబ్బా గట్టు మీదే వదిలేసేవాళ్లలో మా శివారువాళ్లూ ఉన్నారు. చేపల చెరువుల మేత సంచులూ కాలువలో తేలుతుంటాయి. మందు డబ్బా ఇంటి చెత్తలో కలపాల్సింది కాదు, అందులో విషం ఉంటుంది. నీటి సంఘం పెద్దలు పురుగుమందుల షాపులవాళ్లతో మాట్లాడి, ఖాళీ డబ్బా తిరిగిచ్చినవాడికి తర్వాతి డబ్బా మీద కొంత తగ్గించే ఏర్పాటు చేయాలి. మా వైపు రైతులతో నేను మాట్లాడతాను.

బజారులో దాడులు చేసేటప్పుడు మల్లెపూలు అమ్ముకునే ముసలమ్మ దగ్గర పదిహేను కవర్లు లాక్కుని ఫొటో తీయించుకోవద్దు. ఆమెకి కవర్లు కట్టల లెక్కన అమ్మే హోల్‌సేల్ కొట్టు మీ అందరికీ తెలుసు. ముందు అక్కడికి వెళ్లండి.

ఇదంతా అయ్యే పనేనా అంటే, కాలువల ఊరు ఒకటి చేసి చూపించింది. కేరళలో అలప్పుళ. మన కోనసీమలాగే కొబ్బరిచెట్లు, కాలువలు, పడవలు. పట్టణం చెత్తంతా సర్వోదయపురం అనే చోట పోసేవారు. కంపు భరించలేక అక్కడి జనం 2012లో లారీలను ఆపేశారు. చెత్త వీధుల్లో, కాలువల్లో పేరుకుపోయింది. అప్పుడు ఆ పురపాలక సంఘం ఇంకో ఊరి పక్కన ఇంకో డంపు వెతకడం మానేసి, తడిచెత్త పట్టణంలోనే కుళ్లాలని నిర్ణయించింది. ఇళ్లలో పైపు కంపోస్టులు, బయోగ్యాస్ తొట్లు, వాటికి చోటులేని వారికి వార్డుల్లో కంపోస్టు తొట్లు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ చెత్త విషయంలో ఆదర్శమని చెప్పిన ఐదు నగరాల్లో ఒసాకాతోపాటు అలప్పుళ కూడా ఉంది. వాళ్ల కాలువలన్నీ అద్దంలా మారిపోయాయని నేననడం లేదు. కానీ తడిచెత్త ఇంటి దగ్గరే ఆగితే, మిగిలిన పొడిచెత్త వాసన రాదు. వాసన రానిదాన్ని వారం దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆ వంతెన మీది అమ్మాయికి కావలసిన వెసులుబాటు అదే.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఈ నేలకి నీళ్లిచ్చిన కాటన్ దొర పుట్టింది మే 15న. ప్రతి ఏడూ ఆ రోజు ఊరూరా ఆయన విగ్రహానికి దండలు వేస్తాం. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు ఎండి ఉంటాయి. అందుకని ఈసారి మే 15న దండ వేశాక అందరం కాలువలోకి దిగుదాం. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఎలాగూ చేస్తున్నారు. మే నెల శనివారాన్ని కూడా కాలువకే కేటాయిస్తే, నీళ్లు వదిలే లోపు రెండు విడతలు పని జరుగుతుంది. ఏ వంతెన కింద ఎంత దొరికిందో, ఏ వస్తువు ఎక్కువగా దొరికిందో రాసి పంచాయతీ గోడ మీద అతికించండి. పైన చెప్పిన బండి వేళ, విందుల బండి, గుడి తొట్టె, ఇవన్నీ ఆ లెక్క చూసి ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవచ్చు. మరుసటి ఏడు మేలో మళ్లీ అదే వంతెన కింద లెక్క చూద్దాం.

మా లాకు నుంచి కింద శివారు తూము దాకా ఉన్న కాలువ మావాళ్లం చూసుకుంటాం. ట్రాక్టరు నాది, డీజిలు నాది. పదిహేను మంది రైతులు వస్తామన్నారు, పారలు మా దగ్గరే ఉన్నాయి. మీ దగ్గర్నుంచి కావలసింది మందపాటి చేతి తొడుగులు, పొడిచెత్త తీసుకెళ్లే బండి ఒకటి, తాళం వేసి ఉన్న ఆ షెడ్డు తాళంచెవి. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడితే ఎండెక్కే లోపు సగం దూరం అవుతుంది. లాకు దగ్గరి రావిచెట్టు కింద ఉంటాం.

ఇట్లు,
శివారు ఆయకట్టు రైతు ఒకరు